మారతహళ్ళిలో పన్నెండు రోజులు

సాయంకాలం ఆరు దాటిన తరువాత మారతహళ్ళి వంతెన దగ్గర నిలబడి చూస్తే ఇది కన్నడదేశమని నమ్మటం కొంచెం కష్టం. తిరుపతికి, నెల్లూరికి, విజయవాడకు, హైదరాబాదుకు పోయే ప్రైవేటు బస్సులు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆగుతుంటవి. వీపున సంచులు తగిలించుకున్న కుర్రవాళ్ళు "ఏరా, కర్నూలు బండి పోయిందా?" అని ఒకరినొకరు అడుగుకుంటూ రోడ్డు వారన బారులు తీరి ఉంటారు. శుక్రవారమైతే మరి చెప్పనక్కరలేదు. రింగు రోడ్డూ, పాత విమానాశ్రయపు రోడ్డూ ఇక్కడే ఒకదానినొకటి దాటుతవి. ఆ విమానాశ్రయానికి 2008లో దేవనహళ్ళి దగ్గర కొత్తది వచ్చిన తరువాత మామూలు ప్రయాణికుల విమానాలు రావటం మానినవి గాని, రోడ్డుకు మాత్రం పేరు పోలేదు. ఆంధ్రా మెస్సులు, హాస్టళ్ళు, చవక బట్టల దుకాణాలు ఎన్నని చెప్పము! గోంగూర దొరకలేదని బాధపడిన తెలుగువాడు ఈ పేటలో లేడు.

మారుత్ అనే విమానం వల్ల ఈ ఊరికి ఈ పేరు వచ్చినదని ఇక్కడ చెప్పుకుంటారు. హిందూస్థాన్ విమాన కర్మాగారం దగ్గరే గదా! అక్కడ తయారైన మారుత్ యుద్ధవిమానం 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. కథ బాగానే ఉన్నది. కాని విమానం ఎగరక ముందే ఊరున్నది, ఊరికి పేరూ ఉన్నది. ఆ విమానానికి రూపకల్పన చేసినవాడు కుర్ట్ టాంక్ అనే జర్మను ఇంజనీరు. 1956లో వచ్చి, 1967 వరకు ఉండి వెళ్ళాడు. సేవ చేయటానికని రాలేదు, జీతానికి వచ్చాడు. కాని పదకొండేళ్ళు ఉన్నాడు. ఆయన వెళ్ళేనాటికి యుద్ధవిమానం గీయటం, కట్టటం తెలిసిన మనవాళ్ళు ఇక్కడ తయారై ఉన్నారు. విమానాల సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తామంటే, దూరదేశం నుంచి వచ్చినవారు ఏమి చేయగలరు, ఏమి వదలి వెళతారు అన్న ప్రశ్న కిందటేడు జూన్‌లో మా ఇంట్లో పన్నెండు రోజులపాటు భోజనాల దగ్గర బాగా నలిగింది.

మా మేనకోడలు డల్లాసులో ఉంటున్నది. ఆమె కూతురికి పదిహేడేళ్ళు. ఆ పిల్లకు వేసవి సెలవులలో ఇండియాలో పేదపిల్లలకు సేవ చేయవలెనని కోరిక పుట్టిందట. అక్కడ ఒక సంస్థవారు మూడు వేల డాలర్లు తీసుకొని, రెండు వారాలు తిప్పి, చివరకు ఒక సర్టిఫికెట్టు ఇస్తామన్నారట. కాలేజీలో చేరేటప్పుడు ఆ సర్టిఫికెట్టుకు కొంత విలువ ఉంటుందని కూడా మేనకోడలు దాచకుండా చెప్పింది. ఆ మూడు వేల డాలర్లు ఎవరి చేతికి పోతవమ్మా అని అడిగితే తెలియదన్నది. "ఆ డబ్బు దండగ చేయవద్దు. పిల్లను మా దగ్గరకు పంపించు. పేదపిల్లలు కావాలంటే మా గోడ అవతలే ఉన్నారు" అన్నాము. అప్పుడు ఆ మాట చాలా తేలికగా అనేశాము. తరువాత దానికి జవాబు చెప్పుకోవలసి వచ్చినది.

గోడ అవతల ఉన్నది ఎకరానికి తక్కువైన ఖాళీస్థలం. అందులో నీలిపట్టాలు కప్పిన గుడిసెలు నలభై దాకా. ప్రక్కన లేస్తున్న పద్నాలుగంతస్తుల భవనానికి పనిచేసేవారు అందులో ఉంటారు. కొందరు రాయచూరు, యాదగిరి వైపు వారు. ఎక్కువమంది మన కర్నూలు జిల్లా పడమటి మండలాలవారు, కోసిగి, కౌతాళం, ఆదోని చుట్టుప్రక్కలవారు. వానలు తప్పితే ఆ ఊళ్ళలో సగం ఇళ్ళకు తాళాలు పడతవి. దానిని వారు 'సుగ్గికి పోవటం' అంటారు. వెనుక సుగ్గి అంటే పంటకోతలకు పోవటం. ఇప్పుడు బెంగుళూరులో కోత లేదు, పంట లేదు, బేల్దారి పని ఉన్నది. అయినా మాట అదే. ముసలివాళ్ళను ఇంటి దగ్గర వదలి, పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. ఆ పిల్లలకోసం ఒక చిన్న సంస్థవారు గుడిసెల చివర రేకుల కప్పు వేసి బడి నడుపుతున్నారు. బడికి టీచరమ్మ ఒక్కరే. ఆమెది రాయచూరు ప్రాంతం, తెలుగూ కన్నడమూ రెండూ వచ్చును. జీతం నెలకు తొమ్మిది వేలు. మా మనవరాలి రానుపోను విమానం టిక్కెట్టు ఆమె పదునాలుగు నెలల జీతమని మేము మనసులో లెక్క వేసుకున్నాము గాని పైకి అనలేదు.

మొదటి రోజు మేమే తీసుకుపోయాము. ముప్పయి ఒక్కమంది పిల్లలు. పిల్ల రంగు పెన్సిళ్ళు, బొమ్మల పుస్తకాలు తెచ్చుకున్నది. తలా, భుజాలూ, మోకాళ్ళూ తాకుకుంటూ పాడే ఇంగ్లీషు పాట నేర్పబోయింది. అది నోరు తెరవకముందే పిల్లలందరూ ఏకగళాన పాట మొత్తం పాడి, చేతులు కట్టుకొని నిలబడినారు. ఆ పాట వాళ్ళకు ఎన్నోసారో! వచ్చిన ప్రతి అక్కా, ప్రతి అన్నా మొదట అదే పాట మొదలుపెడతారట. "ఏ, బీ, సీ, డీలు కూడా వాళ్ళకు అయిదారుసార్లు అయినవి మేడం. డీ దగ్గరికి వచ్చేసరికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోతారు" అని టీచరమ్మ నవ్వుతూ చెప్పింది. అందులో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

అంతకన్నా మమ్ములను తట్టిన సంగతి వేరొకటి. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, చంకలో తమ్ముణ్ణి ఎత్తుకొని, మా మనవరాలి దగ్గరకు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న "నీ పేరేమక్కా?" అని కాదు. "ఎన్ని దినాలుంటావక్కా?" అని. పన్నెండు రోజులని చెప్పగానే ఆ పిల్ల వెనక్కు తిరిగి తక్కినవాళ్ళతో "పన్నెండంట" అని చాటింది. "మొన్న వచ్చినక్క ఏడే" అన్నాడొకడు. మన ఇళ్ళకు చుట్టాలు వస్తే ఎన్నాళ్ళుంటారని పైకి అడగము గాని లోపల లెక్కపెట్టుకుంటాము గదా. వీళ్ళు పైకే అడుగుతున్నారు.

రెండో రోజు గోడకు రంగు వేద్దామన్నది మా మనవరాలు. బడికి మూడువైపుల నడుము ఎత్తు ఇటుక గోడ ఉన్నది. టీచరమ్మ ఏమీ అనకుండా ఒక పిల్లవాడి చేతిలోని తాళపుచెవి తీసుకొని గోడను గీకి చూపించింది. పైన నీలం, దానిక్రింద పసుపు, దానిక్రింద ఆకుపచ్చ, అడుగున మళ్ళీ పసుపు. ఆఫీసులవాళ్ళు శనివారాలలో ఒకే రంగు చొక్కాలు తొడుక్కొని డబ్బాలతో వస్తారట. సీతాకోకచిలుకలు వేసి, ఫొటోలు తీసుకొని, బిస్కట్లు పంచి వెళతారట. వేసిన తరువాత రెండు రోజులు ఆ వాసనకు చిన్నపిల్లలు లోపల కూర్చోలేరు. వద్దంటే ఏమి కోపమో, ఇచ్చే సంస్థవారికి ఏమి చెబుతారో అని టీచరమ్మ ఎవరినీ వద్దనదు. మా పిల్ల ముఖం చిన్నబోయింది. పాపం, రంగులు కొనటానికి డబ్బులు కూడా చేతిలో పట్టుకొని ఉన్నది.

మూడో రోజు రాత్రి ఎనిమిది గంటలకు మా వాచ్‌మన్ పైకి వచ్చి, గుడిసెల నుంచి ఎవరో వచ్చారని చెప్పాడు. క్రిందికి దిగి వెళ్ళాము. నలభై ఏండ్ల మనిషి, సిమెంటు బట్టల మీదనే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి రమ్మంటే రాలేదు.

"సామీ, ఆ పాప ఫోన్లో మా బిడ్డ బొమ్మ పెట్టి, కింద ఇంగ్లీషులో ఏమో రాసిండాదంట. మేస్త్రీ కొడుకు సదివి చెప్పినాడు. నిజమేనా?"

పిల్లను పిలిచాము. నిజమే. ఆ ఎనిమిదేళ్ళ పిల్లను, చంకలోని తమ్ముణ్ణి దగ్గరకు తీసుకొని దిగిన ఫొటో అది. చాలా అందంగా వచ్చింది. "ఏమీ లేనివాళ్ళు. అయినా ఎంత సంతోషం!" అనే అర్థం వచ్చేటట్లు క్రింద రెండు ముక్కలు వ్రాసింది. దానిని డల్లాసులో నాలుగు వందలమంది మెచ్చుకున్నారు.

"మాకు ఊర్లో మూడెకరాలుంది సామీ. ఇల్లుంది. వానల్లేక వచ్చినాం గానీ అడుక్కోను రాలేదు. మా ఊరోళ్ళ ఫోన్లోకి ఇది వస్తే రేపు ఆ బిడ్డకు సంబంధం ఎవురిస్తారు? ఏమీ లేనోళ్ళమా మేము?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే మాకు కొంత తేలికగా ఉండేది. మా పిల్లకు తెలుగు సగమే అర్థమవుతుంది గాని, చివరి మాట పూర్తిగా అర్థమైంది. అక్కడే నిలబడి ఫొటో తీసివేసి, తీసివేసినట్లు ఆయనకు చూపించి, "సారీ అంకుల్" అన్నది. ఆయన "ఏం లేదు లేమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి పిల్ల అన్నం సరిగా తినలేదు.

మాకూ నిద్ర పట్టలేదు. ఆ ఫొటో మొదట మాకే చూపించింది. బాగున్నదమ్మా అన్నది మేమే.

మర్నాడు పిల్ల తనంతట తానే కూర్చొని, ఈ సేవాయాత్రల సంగతులు చదవటం మొదలుపెట్టింది. చదివినదంతా మాకు చెప్పేది. కాంబోడియాలో 2005కూ 2010కీ మధ్య అనాథాశ్రమాల సంఖ్య నూటికి 75 వంతులు పెరిగిందట. ఆ అయిదేళ్ళలో అక్కడ యుద్ధం లేదు, కరవు లేదు. పెరిగినది విదేశీ యాత్రికుల రాక. ఆ ఆశ్రమాలలోని పిల్లలలో ఇంచుమించు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారని యూనిసెఫ్ వారు తేల్చారు. చూడవచ్చేవారు ఉన్నారు గనుక చూపించటానికి అనాథలు కావలసివచ్చారన్న మాట. నేపాళంలోనూ ఆశ్రమాలు యాత్రికులు తిరిగే జిల్లాలలోనే గుమిగూడినవట. 2018లో ఆస్ట్రేలియావారు ఆధునిక దాస్యాన్ని గురించి చట్టం చేసినప్పుడు, డబ్బుకోసం పిల్లలను ఇల్లు కదిలించి ఆశ్రమాలలో చేర్చటాన్ని కూడా దాస్యం క్రిందనే లెక్కకట్టారు. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ పిల్లల హక్కుల మీద చేసిన తీర్మానంలోనూ ఈ ఆశ్రమాల సేవాయాత్రల ప్రస్తావన వచ్చింది. మన ప్రభుత్వం ఇ-పర్యాటక వీసా మీద వచ్చినవారికి, జీతం పుచ్చుకోని సేవ ఒక నెలకు మించకుండా చేయవచ్చునని అనుమతి ఇచ్చింది. నెలలో ఎంత సేవ జరుగుతుందో చట్టం చేసినవారికే తెలియాలి.

వెనుకటివారు ఇంత తొందర పడలేదు. అమెరికా ప్రభుత్వపు పీస్ కోర్ వాళ్ళు 1961లో మొదట పంజాబుకు వచ్చి, 1976 వరకు మనదేశంలో ఉన్నారు. ఒక్కొక్కరు రెండేళ్ళు ఉండవలెనని నియమం. ముందుగా భాష నేర్పి పంపేవారు. చాలామంది పల్లెల్లో కోళ్ళు పెంచటం చూపించారు. వాళ్ళవల్ల ఎంత మేలు జరిగిందన్నది వేరే వాదం. కనీసం కోడి గుడ్డు పెట్టేదాకా అయినా ఉన్నారు గదా!

మా మనవరాలు అక్కడితో ఆగలేదు. "తాతయ్యా, మీరు ఈ ఇంట్లో ఎన్నేళ్ళ నుంచి ఉన్నారు?" అని అడిగింది. ఏడేళ్ళన్నాము. "నేను రాకముందు గోడ అవతలికి ఎన్నిసార్లు వెళ్ళారు?"

ఒక్కసారీ వెళ్ళలేదు. బాల్కనీలో నిలబడి చూచాము. దీపావళికి వాచ్‌మన్ చేత మిఠాయి పంపాము. అంతే. పన్నెండు రోజులకు వచ్చిన పిల్లను తప్పు పట్టటానికి ఏడేళ్ళుగా ప్రక్కన ఉన్నవాళ్ళకు ఏమి హక్కు ఉన్నదో మాకు తోచలేదు.

మేము బొత్తిగా ఏమీ చేయలేదని కాదు. 2020 జనవరిలో ఇక్కడికి దగ్గరలోనే, కరియమ్మన అగ్రహారంలో, కూలీల గుడిసెలను కూల్చివేశారు. బంగ్లాదేశీయులని అనుమానమట. తీరా చూస్తే అందులో ఉత్తర కర్ణాటకవాళ్ళు, అస్సాం, త్రిపురల వాళ్ళు ఉన్నారు. అప్పట్లో మేము, మరి నాలుగు కుటుంబాలవాళ్ళము కలిసి దుప్పట్లు పోగుచేసి ఇచ్చి వచ్చాము. జనవరి చలికి దుప్పటి అక్కరకు రాలేదని అనము. కాని వాళ్ళను నిలబెట్టినది దుప్పటి కాదు. పౌరహక్కుల సంఘంవారు హైకోర్టుకు వెళ్ళారు. గుడిసెలు కూల్చటం చట్టవిరుద్ధమని హైకోర్టు అన్నది. కాగితాలు చేతపట్టుకొని కోర్టు మెట్లెక్కినవారిని ఎవరూ ఫొటో తీయలేదు. మేము దుప్పట్లు ఇస్తున్న ఫొటో మాత్రం మా దగ్గర ఇప్పటికీ ఉన్నది.

మధ్యలో ఆదివారం వస్తే పిల్లను అనంతపురం తీసుకుపోయాము. మాది ఆ జిల్లాయే. మారతహళ్ళి నుంచి తెల్లవారుజామున బయలుదేరితే టిఫిను వేళకు పెనుకొండ దాటవచ్చు. అక్కడ పిల్లకు చూపించదలచినది ఫాదర్ ఫెర్రర్ గారి పని. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశస్థుడు. 1952లో మతగురువుగా వచ్చి మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర రైతులచేత బావులు త్రవ్వించాడు. 1968లో ఆయనను దేశం విడిచి పొమ్మన్నారు. రైతులు వేలాదిగా నడిచి వెళ్ళి, ఆయన మాకు కావాలన్నారు. మళ్ళీ 1969లో, ఎవరూ కోరి రాని మా అనంతపురానికి వచ్చాడు. 2009లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళు అక్కడే. ఆయన భార్య ఆన్ గారు ఇంగ్లండు దేశస్థురాలు. వారు పెట్టిన ఆర్.డి.టి. వల్ల లేచిన ఇళ్ళు, బడులు, చెక్‌డ్యాములు, బత్తలపల్లి ఆసుపత్రి మా జిల్లాలో ఎరగనివారు లేరు. డబ్బు చాలావరకు స్పెయిన్‌లోని మామూలు గృహస్థులు నెలనెలా పంపినదే. ఆ గృహస్థులు కూడా చూడవస్తుంటారు. వచ్చి, చూచి, పిల్లలు పెట్టిన బొట్టు పెట్టుకొని, వెళ్ళి మళ్ళీ డబ్బు పంపుతారు. పని చేసేవారు మాత్రం ఆ ఊళ్ళవాళ్ళే. వచ్చినవారు చూచేవారుగానే ఉండటం మా మనవరాలికి కొంచెం వింతగా తోచింది. "వాళ్ళకు ఏదో ఒకటి చేయాలని ఉండదా?" అన్నది. ఉంటుంది కాబోలు. పంపిన డబ్బుతో పని ఎవరు చేయవలెనో వాళ్ళు చేస్తున్నారు గదా అన్నాము.

దారిలో ఒంగోలు క్లౌ దొరగారి సంగతి కూడా చెప్పాము. 1876-78 నాటి కరవులో ఆయన చేతికి వచ్చిన వాళ్ళకల్లా గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకం తానే కాంట్రాక్టు తీసుకొని, ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇచ్చి పని చెప్పాడు. గంజికోసం మతంలో కలిశారని ఎవరూ అనకూడదని కరవు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపి ఉంచాడట. తరువాత 1878లో వేలమందికి ఇచ్చాడు. దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. పెట్టే చేతికీ పుచ్చుకునే చేతికీ మధ్య ఇంకేదో నడుస్తుందని ఆయనకు తెలుసు, అంతవరకు మెచ్చుకోవాలి.

తిరిగివచ్చిన తరువాత సోమవారం మా మనవరాలు టీచరమ్మ దగ్గరకు ఒంటరిగా వెళ్ళి, "నేను ఏమి చేస్తే మీకు పనికివస్తుంది?" అని అడిగిందట. మొదటి రోజే అడగవలసిన ప్రశ్న. అడగమని చెప్పవలసినవాళ్ళము మేము. టీచరమ్మ కాసేపు ఆలోచించి, "చంటిపిల్లలను ఎత్తుకుంటావా?" అన్నదట.

సంగతి ఇది. ఏడేళ్ళ నుంచి పదకొండేళ్ళ లోపు ఆడపిల్లలు తొమ్మిదిమంది బడికి వస్తారు. అందులో ఆరుగురి చంకలో తమ్ముడో చెల్లెలో ఉంటుంది. తల్లులు ఇటుకలు మోయటానికి పోయేటప్పుడు చంటివాణ్ణి వీళ్ళకు అప్పగిస్తారు. పలక మీద అక్షరం సగం అయ్యేసరికి వాడు ఏడుస్తాడు. వీళ్ళు లేచి బయటికి పోతారు. ఆ దినం చదువు అంతటితో సరి. కట్టడపు పని జరిగేచోట ఏబదిమందికి మించి ఆడకూలీలు ఉంటే చిన్నపిల్లలకు ఒక గది ఉండవలెనని 1996 నాటి చట్టంలోనే ఉన్నది. చట్టాలు మారి కొత్త కోడ్‌లు వచ్చినా శిశుగృహం మాట పోలేదు. ఈ పనిలో ఆడకూలీలు ఏబదికి నలుగురు తక్కువ. లెక్క అలా కుదిరిందో, కుదిర్చారో మేము చెప్పలేము.

మిగిలిన ఆరు రోజులూ మా మనవరాలు చంటిపిల్లలను చూచింది. చూరుకు రెండు చీరె ఉయ్యాలలు కట్టించుకున్నది. ముక్కులు తుడిచింది, గుడ్డలు మార్చింది, ఒకడు బట్టల మీద కక్కితే కడుక్కున్నది. సర్టిఫికెట్టులో వ్రాసుకోదగిన పని కాదు. ఒక్క ఫొటో తీయలేదు. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఆరు రోజులు వరుసగా కూర్చొని, తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు తెలుగులోనూ కన్నడంలోనూ వ్రాసింది. మధ్యాహ్నాలు చంటివాళ్ళు నిద్రపోయినప్పుడు టీచరమ్మ చెబుతుంటే మా పిల్ల ఒక పుస్తకంలో ప్రతివాడి ఊరు, పుట్టినరోజు, ఇదివరకు చదివిన బడి, ఊళ్ళో ఉన్న తాతదో అవ్వదో ఫోను నంబరు వ్రాసుకుంటూ పోయింది. కోసిగిని సరిగ్గా పలకటం దానికి నాలుగో రోజుకు వచ్చింది.

పన్నెండో రోజు రాత్రి అది విమానమెక్కింది. పదమూడో రోజు ఉదయం మేము బాల్కనీలో నుంచి చూచాము. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనెత్తుకొని బడి బయట తిరుగుతున్నది.

అంతవరకు చూచి ఇక ఊరుకోలేకపోయాము. మేమిద్దరం వంతులు వేసుకొని పది రోజులు ఉయ్యాల ఊపాము. ఈ నడుములకు అది సాగే పని కాదు. సంఘంలో అడిగి, పద్దెనిమిది కుటుంబాలవాళ్ళం తలా అయిదు వందలు వేసుకొని, గుడిసెలలోనే ఉన్న ఒక ముసలమ్మను ఆయాగా పెట్టాము. ఆమె బరువు మోయలేక పని మానుకున్న మనిషి. మొదటి నెల డబ్బు సులభంగా వచ్చింది. నాలుగో నెలకు పదకొండు కుటుంబాలు మిగిలినవి. అందుకు ఎవరినీ నిందించము, మేమూ ఒక నెల మరచాము. డల్లాసు నుంచి మా మేనకోడలు, ఆ మూడు వేల డాలర్లు ఎలాగూ మిగిలినవి గదా అని, ఆయా జీతం ఏడాదికి సరిపడా పంపింది. టీచరమ్మ ఆ పుస్తకం పట్టుకొని తిరిగి, ఊళ్ళ నుంచి కాగితాలు తెప్పించి, ఏడుగురు పిల్లలను సర్కారు కన్నడ బడిలో చేర్చింది. అందులో ఆ ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె.

ఫిబ్రవరిలో భవనం పూర్తయింది. పదిహేను రోజులలో గుడిసెలు లేచిపోయినవి. స్థలం చుట్టూ రేకులు కొట్టారు. కొందరు ఊళ్ళకు పోయారు, కొందరు వర్తూరు దాటి కొత్త పనికి, మరికొందరు సర్జాపురం వైపు. సర్కారు బడిలో చేరిన ఏడుగురిలో ముగ్గురే నిలిచారు. ఆ పిల్ల తండ్రి పోయేముందు మా గేటు దగ్గరకు వచ్చి చెప్పిపోయాడు. ఈసారి కూడా లోపలికి రాలేదు. ఊరికి పోతున్నామన్నాడు. బిడ్డను కోసిగి బడిలో వేస్తానన్నాడు. వేశాడో లేదో పుస్తకంలో ఉన్న వాళ్ళ అవ్వ నంబరుకు ఫోను చేసి టీచరమ్మ కనుక్కున్నది. వేశాడు.

వర్తూరు అవతల కొత్త గుడిసెల దగ్గర టీచరమ్మ మళ్ళీ బడి పెట్టింది. అక్కడ ఇరవై ఇద్దరు పిల్లలు, వారిలో పాతవారు తొమ్మిదిమంది. ఉయ్యాల కట్టటానికి గట్టి తాడు, రెండు పాత చీరెలు కావాలంటే కిందటి ఆదివారం తీసుకుపోయి ఇచ్చివచ్చాము. ఆయా దొరకవలసి ఉన్నది. ఆ ముసలమ్మ సర్జాపురం పోయింది.

మొన్న మా మనవరాలు ఫోను చేసింది. ఈ వేసవికి మళ్ళీ వస్తానన్నది. ఈసారి ఆరు వారాలట. రావచ్చునేమో టీచరమ్మను అడిగి చెప్పమన్నది. అడిగాము. "రమ్మనండి సార్. కన్నడం అక్షరాలు నేర్చుకొని రమ్మనండి" అన్నది. ఆ మాట డల్లాసుకు చేరవేశాము. ఇంకా జవాబు రాలేదు.